నాలుగు లెక్కలకీ ఒకటే జవాబు: బఫర్ లెక్కల మీద ఒక కేస్ స్టడీ

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త దూరంలో, మేడ మీద ఒక గదిలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. ఇరవై ఏళ్లు దాటింది. ఈ కేసు ఒక వేసవిది. మొదటి ఏడాది బైపీసీ పరీక్షలు రాసి, నీట్ కోసం మళ్లీ మొదటి నుంచి చదువుకుందామని వచ్చిన ఒక అమ్మాయిది. వాళ్ల ఊరు నౌపడ వైపు, తండ్రిది ఉప్పు మళ్లలో పని. పేరు రాయను. ఇది రాయడానికి ఆమెనీ వాళ్ల నాన్ననీ అడిగాను, ఇద్దరూ సరేనన్నారు.

ఏడు వారాల పాటు వారానికి మూడు రోజులు వచ్చింది. అంత కాలం మేం చేసింది నిజానికి ఒకే ఒక్క బీకరు లెక్క.

మొదటి కాగితం, నా తప్పు

రాగానే పిల్లలకి ఒక చిన్న టెస్ట్ పెడతాను. అందులో బఫర్ (కొంచెం ఆమ్లమో క్షారమో పడ్డా పీహెచ్ పెద్దగా మారని ద్రావణం) మీద ఒక లెక్క ఉంటుంది: 100 మి.లీ. 0.2 మొలార్ ఎసిటిక్ ఆమ్లానికి 50 మి.లీ. 0.2 మొలార్ సోడియం హైడ్రాక్సైడ్ కలిపారు, ఎసిటిక్ ఆమ్లం పీకేఏ 4.74, పీహెచ్ ఎంత? (పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె. పీకేఏ ఆ ఆమ్లం ఎంత బలహీనమో చెప్పేది. మొలార్ అంటే లీటరుకి ఎన్ని మోల్‌లో.)

ఆమె 4.74 అని రాసింది. జవాబు అదే. రైట్ కొట్టి నాలుగు మార్కులూ వేశాను. పైన ఏం రాసిందో సరిగ్గా చూడలేదు. ముప్పై కాగితాలు దిద్దుతున్నప్పుడు కన్ను ముందు చివరి లైను మీదకే పోతుంది.

వారం తర్వాత అదే లెక్కని నాలుగు ముక్కలు చేసి ఇచ్చాను. ఆమ్లం అదే 100 మి.లీ., క్షారం మాత్రం 25, 50, 100, 120 మి.లీ. చొప్పున. నాలుగింటికీ 4.74 అనే రాసింది. అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా, ప్రతి జవాబు చుట్టూ స్కేలుతో గీసిన డబ్బా. ఎక్కడా తడబాటు లేదు. ఆ కాగితం చూశాక పాత కాగితం వెతికి తీశాను. అక్కడ ఉన్నది ఇది:

పీహెచ్ = పీకేఏ + లాగ్ (లవణం / ఆమ్లం) = 4.74 + లాగ్ (0.2 / 0.2) = 4.74.

సీసాల మీద ఉన్న రెండు అంకెల్ని ఫార్ములాలో రెండు ఖాళీల్లో పెట్టింది. సోడియం హైడ్రాక్సైడ్ సీసా మీది 0.2ని లవణం అనుకుంది. 50 మి.లీ. పోసినప్పుడు ఆమ్లంలో సరిగ్గా సగం లవణంగా మారుతుంది కాబట్టి నిజమైన నిష్పత్తి కూడా ఒకటే అయింది. అలా జవాబు కలిసిపోయింది. నేను మార్కులు వేసింది తప్పుకి. పిల్ల ఆ వారమంతా తనకి బఫర్లు వచ్చని నమ్మింది. దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి నా టెస్టుల్లో ఈ లెక్కని 50 మి.లీ.తో ఇవ్వడం మానేశాను. జవాబు పీకేఏకి సమానమయ్యే లెక్క నేర్పడానికి బావుంటుంది, పరీక్షించడానికి పనికిరాదు.

తెలియనిది ఏది?

ఆమెకి లెక్కలు రావు అనుకోవడం తేలిక. అది నిజం కాదు. లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 3 అంటే 0.4771 అని నిద్రలో లేపినా చెబుతుంది. పైన వాడిన ఫార్ములాని, అంటే హెండర్సన్–హాసెల్‌బాల్ సమీకరణాన్ని, రెండు రకాలుగా రాస్తుంది. అంతకుముందు చదివిన చోట ఒక షీటు ఇచ్చారట, ఏ మాట కనిపిస్తే ఏ ఫార్ములా వాడాలో అందులో ఉంటుంది. దాన్ని లామినేషన్ చేయించుకుని దాచుకుంది.

రెండో రోజు ఆమె పక్కన కూర్చుని, ప్రశ్నలో అంకెలన్నిటి మీదా చెయ్యి అడ్డం పెట్టాను. "అంకెలు లేవమ్మా ఇప్పుడు. ఎసిటిక్ ఆమ్లం ఉంది, అందులో కాస్టిక్ సోడా, అదే సోడియం హైడ్రాక్సైడ్, పోస్తున్నాం. ఏం జరుగుతుంది?"

"ఉప్పూ నీళ్లూ వస్తాయి సార్," అంది వెంటనే. ఆలోచించనే లేదు. పదో తరగతి పాఠం అది.

"మరి ఆ ఉప్పు ఎంత వచ్చిందో ఎక్కడ రాశావు?"

కాగితం వంక చూసి, "ఈ చాప్టర్లో కూడా అదే జరుగుతాదా సార్?" అని అడిగింది.

ఈ కేసు మొత్తం నాకు ఆ ప్రశ్నలో కనిపించింది. ఆమె దృష్టిలో ఆమ్లం, క్షారం కలిస్తే లవణం రావడం ఒక పాఠం. మోల్‌లు, పరిమిత కారకం (చర్యలో ముందుగా అయిపోయే పదార్థం) ఇంకో పాఠం. బఫర్ మూడో పాఠం. మూడింటికీ మూడు నోట్‌బుక్కులు. బఫర్ నోట్‌బుక్ తెరిచినప్పుడు మిగతా రెండూ సంచిలోనే ఉంటాయి. బీకరులో ఆమ్లం మీద క్షారం పడ్డప్పుడు అది ఏ పాఠమో రసాయనానికి తెలియదు కదా. చర్య జరగాల్సిందే, జరిగాక మిగిలినదాన్ని బట్టే పీహెచ్.

ఇలాంటి పిల్లల్ని ముందు కూడా చాలామందిని చూశాను. ఇంత శుభ్రంగా ఒక కాగితం మీద బయటపడడం మాత్రం అదే మొదలు.

ఉప్పు మడి దగ్గర మొదలు

ఫార్ములా షీటు పక్కన పెట్టించాను. లాక్కోలేదు, తనే బ్యాగులో పెట్టుకుంది. వాళ్ల నాన్న పని గురించి అడిగాను. నౌపడ ఉప్పు మళ్లు రైల్లోంచి చూసినవాళ్లే ఎక్కువ, లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు తక్కువ. ఆమెకి అంతా తెలుసు. సముద్రపు నీరు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మారుతూ ఎండకి చిక్కబడుతుంది. నీటిలో ఒక గాజుగొట్టం తేలేసి డిగ్రీలు చూస్తారు. వేడి కొలిచేవి కాదు, నీటి చిక్కదనం కొలిచే బోమే డిగ్రీలు. ఉప్పు కట్టేది దాదాపు 25 డిగ్రీల దగ్గర. అంతకంటే ముందే జిప్సం దిగిపోతుంది. 30 దగ్గరికి వచ్చేసరికి మెగ్నీషియం లవణాలతో చేదెక్కిన నీరు మిగులుతుంది, దాన్ని తీసేయకపోతే ఉప్పు పాడవుతుంది.

"మా అయ్య గొట్టం ఎయ్యకుండా గట్టు తెరవడు సార్," అంది.

"ఎందుకు?"

"ఏ మడిలో ఏటుందో తెలవాలి కదా."

ఆ మాటనే పట్టుకున్నాం. ఫార్ములా అంటే గట్టు తెరవడం. దానికంటే ముందు మడిలో ఇప్పుడేముందో చూడాలి. ప్రశ్నలో ఇచ్చిన అంకెలు పోయకముందు సీసాలో ఉన్నవాటివి. మనకి కావలసింది పోశాక బీకరులో ఉన్నవి.

దీన్ని రాయడానికి ఒక పద్ధతి కావాలి. ఇంగ్లీషు పుస్తకాల్లో మూడు వరసల పట్టిక ఉంటుంది. పిల్లలు దాన్ని మళ్లీ ఇంకో ఫార్ములాలా బట్టీ పడతారని నా అనుభవం. అందుకే ఇంట్లో రాసుకునే పద్దు పద్ధతి పెట్టాను: జమ, ఖర్చు, నిల్వ. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది. కిరాణా కొట్టు ఖాతా చూసిన ఏ పిల్లకైనా ఇది తెలుసు. అంకెలన్నీ మిల్లీమోల్‌లలో, అంటే మోల్‌లో వెయ్యోవంతుల్లో. మి.లీ.ని మొలారిటీతో గుణిస్తే నేరుగా మిల్లీమోల్ వస్తుంది, 1000తో భాగించే గొడవ ఉండదు, దశాంశాలు తగ్గుతాయి.

బఫర్ జోలికి వెళ్లే ముందు మూడు రోజులు పద్దు ఒక్కటే రాయించాను. మొదటిది వంటసోడా: 4.2 గ్రాముల వంటసోడాని 100 మి.లీ. 0.4 మొలార్ ఎసిటిక్ ఆమ్లంలో వేస్తే కార్బన్ డయాక్సైడ్ ఎంత వస్తుంది, ఏది మిగులుతుంది? వంటసోడా అణుభారం 84, అంటే 50 మిల్లీమోల్‌లు జమ. ఆమ్లం 40 జమ. ఒకటికి ఒకటి చొప్పున ఖర్చవుతాయి కాబట్టి ఆమ్లం మొత్తం అయిపోయి వంటసోడా 10 నిల్వ, అంటే 0.84 గ్రాములు. వాయువు 40 మిల్లీమోల్‌లు, పాత ప్రామాణిక పరిస్థితుల్లో (మోల్‌కి 22.4 లీటర్లు) 0.896 లీటర్లు. మొదటిసారి ఆమె 50నే వాయువుగా రాసింది. పద్దు గీశాక, "ఆమ్లం చాలలేదు" అని తనే అంది. పరిమిత కారకం అన్న మాట ఆ రోజు నేను వాడనే లేదు. ఆ మాట వినబడగానే ఆమె పాత షీటులో ఇంకో పెట్టె తెరుచుకుంటుందని భయం.

ఒకే బీకరు, నాలుగు చోట్ల

మూడో వారం చివర్లో మళ్లీ ఆ నాలుగు లెక్కలు. ఈసారి తొందర లేదు, గంటన్నర పట్టింది.

25 మి.లీ. పోసినప్పుడు: ఆమ్లం జమ 20. హైడ్రాక్సైడ్ జమ 5. బలమైన క్షారం దొరికిన ఆమ్లాన్ని దాదాపు పూర్తిగా పట్టేస్తుంది, సగంలో ఆగదు. అది ముందు మనసులో ఉండాలి. కాబట్టి ఖర్చు 5, 5. నిల్వ: ఆమ్లం 15, ఎసిటేట్ (వచ్చిన లవణం) 5, హైడ్రాక్సైడ్ లేదు. ఇప్పుడు ఫార్ములా: 4.74 + లాగ్ (5/15). లాగ్ 3 అంటే 0.48, కాబట్టి 4.26.

ఆమె ఆ 4.26 వైపు కాసేపు చూసింది. "తక్కువొచ్చింది సార్."

"రావాలా, రాకూడదా?"

"ఆమ్లం ఎక్కువుంది కదా. రావాలి."

ఇంతకుముందు ఏ జవాబునీ ఆమె ఇలా అడిగి చూడలేదు. వచ్చిన అంకెకి డబ్బా గీసి ముందుకి పోయేది.

50 మి.లీ.: నిల్వలో ఆమ్లం 10, ఎసిటేట్ 10. పీహెచ్ 4.74. పాత జవాబే, ఈసారి కారణంతో. "అప్పుడు కూడా ఇదే రాశాను కదా సార్?" అని అడిగింది. పాత కాగితం ఆమె ముందు పెట్టి, నేను వేసిన మార్కులు ఎందుకు తప్పో చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకుంది. దాచితే బావుండదు కాబట్టే చెప్పాను.

100 మి.లీ. దగ్గర అసలు ఘట్టం. ఆమ్లం జమ 20, హైడ్రాక్సైడ్ జమ 20, రెండూ ఖర్చు. నిల్వ గడిలో ఆమ్లం కింద సున్నా వేసింది. అలవాటు కొద్దీ ఫార్ములా మొదలుపెట్టి, లవణం పైన 20 వేసి, కింద సున్నా వేయబోయి పెన్ను ఆపేసింది.

"అదేటి సార్, ఆమ్లమే లేదు! కింద ఏటి రాయను?"

"రాయకు. ఫార్ములా ఇక్కడ వద్దంటోంది."

బఫర్ సమీకరణం చెల్లాలంటే జంటలో ఇద్దరూ ఉండాలి, చెప్పుకోదగ్గంత ఉండాలి. నిష్పత్తి ఒకటికి పది నుంచి పదికి ఒకటి లోపల ఉంటేనే దాన్ని మంచి బఫర్ అంటాం. ఇక్కడ ఒక్క ఎసిటేట్ మిగిలింది, అది బలహీన క్షారం. 20 మిల్లీమోల్‌లు 200 మి.లీ.లో, అంటే 0.1 మొలార్. పీహెచ్ = 7 + 2.37 − 0.5 = 8.87 (2.37 అంటే పీకేఏలో సగం, −0.5 అంటే లాగ్ 0.1లో సగం). ఏడు కాదు. ఆమ్లం, క్షారం సమానంగా కలిస్తే తటస్థం, పీహెచ్ ఏడు అని ఈ పిల్లే కాదు, సగం తరగతి అంటుంది. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసినప్పుడు గది ఉష్ణోగ్రత దగ్గర అది నిజం. ఎసిటేట్ ఊరుకోదు, నీటి నుంచి కొంచెం ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) లాక్కుంటుంది, అందుకే ద్రావణం క్షారం వైపు ఉంటుంది.

120 మి.లీ. తేలిక. హైడ్రాక్సైడ్ 24 జమ, 20 ఖర్చు, 4 నిల్వ. మొత్తం 220 మి.లీ. గాఢత 0.018 మొలార్, పీహెచ్ 12.26. ఎసిటేట్ ఉన్నా, బలమైన క్షారం మిగిలి ఉన్నచోట దాని మాట చెల్లదు.

చివరికి ఐదోది తనే అడిగింది: ఏమీ పోయకపోతే? 0.2 మొలార్ ఎసిటిక్ ఆమ్లం ఒక్కటే ఉంటే పీహెచ్ 2.72. అన్నీ వరసగా బోర్డు మీద రాశాం: 2.72, 4.26, 4.74, 8.87, 12.26. ఒకే బీకరు. పుస్తకంలో నాలుగు శీర్షికల కింద నాలుగు ఫార్ములాలుగా ఉన్నవన్నీ ఒకే బీకరులో వరసగా వచ్చే దశలని ఆమెకి ఆ సాయంత్రం కనిపించింది. లామినేట్ చేసిన షీటు బయటికి తీసి, దాని వెనక వైపు పెన్సిల్‌తో ఆ ఐదు అంకెలూ రాసుకుంది.

ఎర్రనీళ్లు

మర్నాడు చేత్తో చేసి చూపించాను. బ్యూరెట్ (బొట్టు బొట్టుగా కొలిచి పోసే గాజుగొట్టం) లేదు. మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, సూది తీసేసి. కిరాణా కొట్టు వెనిగర్, అంటే నీళ్లలో ఎసిటిక్ ఆమ్లం, లేబుల్ మీద 4 శాతం. కిళ్లీ కొట్టు సున్నం నీళ్లలో కలిపి, రాత్రంతా మూత పెట్టి ఉంచి, పైన తేరిన తేట. స్పిరిట్‌లో చిటికెడు పసుపు. సున్నం కంట్లో పడితే ప్రమాదం, అందుకే పిల్లలందరికీ కళ్లద్దాలు పెట్టించాను.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని మన దగ్గర చిన్నపిల్లకి కూడా తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అవే.

చేయబోయే ముందు ఆమె చేత పద్దు వేయించాను. 4 శాతం అంటే లీటరుకి 40 గ్రాములు, అణుభారం 60, అంటే 0.67 మొలార్. 2 మి.లీ.లో 1.33 మిల్లీమోల్. సున్నపు తేటలో కాల్షియం హైడ్రాక్సైడ్ లీటరుకి సుమారు 1.6 గ్రాములే కరుగుతుంది. అణుభారం 74, ఒక్కోదానికి రెండు హైడ్రాక్సైడ్‌లు, అంటే 0.043 మొలార్. భాగిస్తే 31 మి.లీ. పిల్లలు నమ్మలేదు. రెండు మి.లీ. వెనిగర్‌కి ముప్పై మి.లీ. సున్నపు నీళ్లా?

మొదటి సిరంజి పోసింది. బొట్టు పడ్డచోట ఎర్రగా మెరిసి, గ్లాసు తిప్పగానే మాయమవుతోంది. పసుపు రంగు అలాగే ఉంది. రెండో సిరంజి. అలాగే ఉంది. వెనక బెంచీ నుంచి ఎవరో, "సార్, పసుపు పనిచెయ్యట్లేదేమో" అన్నారు. ఆమె మాత్రం సిరంజి ఆపి, "ఇప్పుడు ఇరవై. సగం దాటింది. ఆమ్లం, లవణం రెండూ ఉన్నాయి. అందుకే మారట్లేదు" అంది. మూడో సిరంజి చివరికొచ్చేసరికి ఎరుపు పోవడానికి కాస్త టైమ్ పట్టసాగింది. నాలుగో సిరంజిలో రెండు మి.లీ. దాటాక ఒక బొట్టుకి గ్లాసంతా ఎర్రనీళ్లయింది. ఎంత తిప్పినా పోలేదు.

లెక్కకి 31, చేతికి 32 చిల్లర. లేబుల్ అంకె సుమారుదే, సున్నపు తేటకి గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్‌తో కొంత పోతుంది, సిరంజి గీతలు మందువి. ఆ తేడా గురించి పిల్లలు అరగంట వాదించుకున్నారు. నేను కలగజేసుకోలేదు.

వెనకడుగులు

అంతా సాఫీగా సాగలేదు. నాలుగో వారంలో అదే 100 మి.లీ. లెక్క మళ్లీ ఇస్తే 8.52 వచ్చింది. చూస్తే, 0.1 బదులు 0.02 పెట్టింది. 20 మిల్లీమోల్‌ని మోల్‌లుగా మార్చి ఊరుకుంది, 200 మి.లీ. నీళ్ల సంగతి మర్చిపోయింది. తప్పు ఎక్కడ పుట్టిందో వెతికితే అది నా నుంచే: బఫర్‌లో ఘనపరిమాణం కొట్టుకుపోతుందని నేనే గట్టిగా చెప్పాను. ఆమె దాన్ని అన్నిచోట్లా కొట్టేసింది. ఎందుకు కొట్టుకుపోతుందో చెప్పాల్సింది. ఆమ్లం, లవణం ఒకే గ్లాసులో ఉన్నాయి, నీళ్లు ఇద్దరికీ సమానమే కాబట్టి నిష్పత్తిలో అవి కనబడవు. అందుకే బఫర్‌లో ఇంకాస్త నీళ్లు పోసినా పీహెచ్ పెద్దగా కదలదు. ఒక్కరే మిగిలినప్పుడు మాత్రం ఎన్ని నీళ్లలో ఉన్నారన్నదే లెక్క. అప్పటి నుంచి పద్దు కింద ఇంకో గీత గీసి "మొత్తం నీళ్లు" అని రాయడం మొదలుపెట్టింది. అది తన ఆలోచనే.

ఇంకోటి: 10⁻⁸ మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్. పాత ప్రశ్నే, అందరూ పడేదే. 8 అని రాసి, నేను ఏమీ అనకముందే కొట్టేసింది. "ఆమ్లం పోస్తే నీళ్లు క్షారం అవ్వవు కదా." జమలో నీటి సొంత 10⁻⁷ని చేర్చలేదని తనే కనిపెట్టలేకపోయింది, అది నేను చెప్పాను. జవాబు 6.98. కానీ తప్పు జవాబుని తనే తప్పని పట్టడం నాకు ఆ రోజు చాలనిపించింది.

అమోనియా దగ్గర రెండు రోజులు ఇరుక్కున్నాం. 50 మి.లీ. 0.3 మొలార్ అమోనియాకి 50 మి.లీ. 0.1 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పద్దు చక్కగా వేసింది: అమోనియా 15 జమ, 5 ఖర్చు, 10 నిల్వ, అమ్మోనియం 5. తర్వాత టెన్షన్. క్షార బఫర్‌కి వేరే ఫార్ములా ఉందిగా, పీకేబీ, పీఓహెచ్, పైన ఏది, కింద ఏది? నా సలహా ఎప్పుడూ ఒకటే: రెండో ఫార్ములా గుర్తు పెట్టుకోవద్దు. జంటలో ప్రోటాన్ ఉన్నది ఆమ్లం, అమ్మోనియం. లేనిది క్షారం, అమోనియా. 14లోంచి అమోనియా పీకేబీ (క్షారం ఎంత బలహీనమో చెప్పే అంకె) 4.74 తీసేస్తే అమ్మోనియం పీకేఏ 9.26. పైన క్షారం, కింద ఆమ్లం: 9.26 + లాగ్ 2 = 9.56. అంతే. కొందరు లెక్చరర్లకి ఇది నచ్చదు, పుస్తకంలో ఉన్నట్టే చెప్పాలంటారు. రెండు ఫార్ములాలు నేర్పినచోట పిల్లలు రెండింటినీ కలిపేసి మూడోది తయారుచేయడం నేను ఏటా చూస్తున్నాను.

బఫర్ ఎందుకు కావాలో చెప్పడానికి ఒకే ఒక్క పోలిక వాడతాను. ఆ 50 మి.లీ. దశలో, 10, 10 ఉన్న గ్లాసులో 10 మి.లీ. 0.1 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఆమ్లం 11, ఎసిటేట్ 9 అవుతాయి. పీహెచ్ 4.74 నుంచి 4.65. అదే ఆమ్లాన్ని 150 మి.లీ. మంచినీళ్లలో పోస్తే ఏడు నుంచి 2.20కి పడిపోతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి వదిలేస్తాను.

ఆఖరి వారం

అయిదో వారం తర్వాత ఆమె షీటు తీయడం మానేసింది. నేను అడగలేదు. లెక్క ఇవ్వగానే మూడు గడులు గీస్తుంది, కింద నీళ్లు రాస్తుంది, అప్పుడు పెన్ను ఆపి నిల్వ వంక చూస్తుంది. ఆగే ఆ రెండు క్షణాల కోసమే ఇంత శ్రమ. వేగం మాత్రం ఇంకా రాలేదు. నీట్‌లో ఒక్కో ప్రశ్నకి దొరికే టైమ్‌లో పద్దు పూర్తిగా రాయడం కుదరదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. చివరి రెండు వారాలు పద్దుని మనసులో వేయడం సాధన చేయించాను. పది లెక్కల్లో రెండు మూడు ఇంకా తప్పుతున్నాయి, ఎక్కువగా రెండు ప్రోటాన్‌లున్న ఆమ్లాల్లో. దాన్ని దాచను.

ఆఖరి క్లాసులో రక్తం గురించి చెప్పాను, బైపీసీ పిల్ల కదా. హార్వర్డ్‌లో పనిచేసిన లారెన్స్ హెండర్సన్ 1908లో ఈ సమీకరణాన్ని రాసింది రక్తంలోని కార్బోనిక్ ఆమ్లం, బైకార్బొనేట్‌ల కోసమే. మరుసటి ఏడాది కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బెర్గ్ బ్రూవరీ లేబరేటరీలో సోరెన్‌సెన్ పీహెచ్ అన్న కొలతని తెచ్చాడు. తర్వాత కొన్నేళ్లకి డెన్మార్క్ వైద్యుడు హాసెల్‌బాల్ హెండర్సన్ సమీకరణాన్ని లాగ్‌లోకి మార్చాడు. అంటే మనం వెనిగర్ మీద వాడే ఫార్ములా పుట్టింది రక్తం దగ్గర.

రక్తంలో బైకార్బొనేట్ లీటరుకి సుమారు 24 మిల్లీమోల్, కరిగిన కార్బన్ డయాక్సైడ్ 1.2. నిష్పత్తి 20. పీకేఏ 6.1. కాబట్టి 6.1 + 1.3 = 7.4. బోర్డు మీద ఇంతవరకు రాసి సుద్ద పెట్టేయబోయాను.

"సార్, ఇది మంచి బఫర్ కాదు కదా," అంది. "ఇరవైకి ఒకటి. పదికి ఒకటి లోపల ఉండాలన్నారు."

అప్పుడే పద్దు గీసేసింది. లీటరు రక్తంలో 2 మిల్లీమోల్ ఆమ్లం వచ్చిందనుకుంది. బైకార్బొనేట్ 24 జమ, 2 ఖర్చు, 22 నిల్వ. ఖర్చయిన ఆ 2 కార్బన్ డయాక్సైడ్‌గా మారి, 1.2కి చేరి 3.2. నిష్పత్తి 6.9, పీహెచ్ 6.94. ఆరోగ్యవంతుల రక్తం 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలని జువాలజీలో చదువుకుంది. "ఇలాగైతే మనిషి బతకడు సార్."

రక్తంలో హిమోగ్లోబిన్, ప్రొటీన్‌లు కూడా కొంత ఆమ్లాన్ని పట్టుకుంటాయని చెప్పబోతున్నాను. అంతలో ఆమె 3.2 మీద పెన్ను ఆనించి అడిగింది.

"ఈ రెండూ గ్లాసులోనే ఉండిపోవు కదా సార్? ఊపిరిలో బయటికి పోతాది. గ్లాసుకి మూత లేదు."

3.2 కొట్టేసి మళ్లీ 1.2 వేసింది. 22ని 1.2తో భాగించింది. లాగ్ చూడటానికి కాసేపు పట్టింది. కాగితం మధ్యలో నిలువు గీత గీసి, ఒక వైపు "మూత ఉంటే 6.94" అని, ఇంకో వైపు "మూత లేకపోతే 7.36" అని రాసి, కాగితం నా వైపు తిప్పింది. దేనికీ డబ్బా గీయలేదు.